సగం మాట వినే క్యూబా సారు

గిద్దలూరు ముస్తాక్ అహ్మద్ సారుకు చెవుడు లేదు. ఈ సంగతి మొదట్లోనే చెప్పకపోతే మీరూ అందరిలాగే పొరబడతారు. చెవులు రెండూ భేషుగ్గా పనిచేసేవి. కాకపోతే ఎదుటి మనిషి ఎంత తిట్టినా, ఎంత గొంతు చించుకున్నా, ఆ తిట్టులో ఎక్కడో ఒక మంచి ముక్క ఉంటే దాన్ని ఏరుకుని దానికే జవాబు చెప్పేవాడు. మిగతా సగం ఎవరూ అననట్టే.

ఒకసారి కొమరోలు పోయే బస్సులో కండక్టరు ఆయన మీద విరుచుకుపడ్డాడు.

“ఓ పెద్దాయనా! కూర్చుంటే కూర్చో, ల్యాకపోతే దిగి నడుచుకుంటా పో! దోవకడ్డం గొడుగు పట్టుకుని నిలబడ్తావేంది?”

“కూర్చోమన్నావు, సంతోషం నాయనా,” అని సారు కూర్చున్నాడు.

“దిగమని గూడా అన్నా!”

“కూర్చోమన్నావు చూడు, ఈ కాలంలో ముసలోళ్లను అట్ల అనేదెవరు?”

కండక్టరు ఆయన్ని ఎగాదిగా చూశాడు. కొమరోలు వచ్చేసరికి పక్క సీట్లో కూర్చుని తన మోకాళ్ల నొప్పుల గురించి చెప్పుకుంటున్నాడు.

ఆ బస్సులో వెనక సీట్లో ఉండి ఇదంతా చూసింది శివపార్వతి. ఇంటర్లో ఆమెకు హిస్టరీ చెప్పింది ఈ సారే. ఇప్పుడామె కొమరోలు హైస్కూల్లో సోషల్ టీచరు. ఆ కండక్టరు సంగతి ఎవరికి చెప్పినా ముందు పగలబడి నవ్వేది. ఈమధ్య మాత్రం చెప్పడం మొదలుపెట్టి సగంలోనే ఆపేస్తోంది. సారు పోయాక ఆ సీటులో ఎవరు కూర్చున్నా ఆమెకు కోపమే వస్తోంది.

ఆయనకు క్యూబా సారు అనే పేరు కాలేజీ పిల్లలు పెట్టింది. సిలబస్‌లో ఏ పాఠం ఉన్నా ఆయన పడవ చివరికి క్యూబా రేవులోనే ఆగేది. పానిపట్టు యుద్ధం మొదలుపెట్టేవాడు, బాబరు ఫిరంగులు ఇంకా పేలకముందే సుద్దముక్క పక్కన పెట్టేసేవాడు.

“బాబరు గెలిచినాడు, లోడీ సచ్చినాడు. అయిపోయినదాంట్లో ఏముండాది బిడ్డా? అసలు చరిత్రంతా జరగనిదాంట్లో ఉండాది.”

ఆ జరగనిది ఏమిటంటే, అమెరికా, రష్యా ఒకదాని మీద ఒకటి అణుబాంబులు వేసుకోకపోవడం. రష్యావాళ్లు అమెరికా వాకిట్లో, క్యూబా దీవిలో, క్షిపణులు తెచ్చిపెట్టారు. అమెరికావాళ్లు సముద్రంలో ఓడలు అడ్డం పెట్టారు. ఎవడు వెనక్కి తగ్గినా పరువు పోతుంది, ఎవడూ తగ్గకపోతే ప్రపంచం పోతుంది. అప్పుడు రష్యా పెద్దాయన దగ్గరినుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి. ముందొచ్చినది మెత్తగా ఉంది. ఆ వెనకనే వచ్చింది కారం పూసుకుని ఉంది. అమెరికావాళ్లు తలలు పట్టుకున్నారు. చివరికి ఎవరికో బుద్ధి పుట్టింది. రెండోది అందనట్టే ఉందాం, మొదటిదానికి జవాబు రాద్దాం అనుకున్నారు.

“అంతే!” అని సారు బల్ల మీద కొట్టేవాడు. “మంచి మాటకు జవాబు రాసినారు, ప్రపంచం మిగిలింది. కోపం మాటకు రాసుంటే ఈ గిద్దలూరు యాడుండేది? మీరు యాడుండేవాళ్లు? పుట్టకుండానే పోయేవాళ్లు!”

ఆయన కళ్లు నిజంగానే చెమ్మగిల్లేవి. పుట్టకుండా పోయే ప్రమాదం తప్పిన పిల్లలు మాత్రం గంట ఎప్పుడు కొడతారా అని చూసేవాళ్లు. వెనక బెంచీలో జయపాల్ అనే కుర్రాడు ఒకనాడు లేచి అడిగాడు.

“సార్, పరీక్షలో క్యూబా వస్తాదా?”

“రాదు నాయనా. ఆ యుద్ధం వచ్చుంటే పరీక్షే ఉండేది కాదు. రాలేదు కాబట్టి, నీ కర్మ, చదువుకో.”

దాని మీదే పీహెచ్‌డీ కూడా చేస్తుండేవాడు. అణుబాంబుల దేశాలు ఎదురెదురుగా నిలబడి ఎట్లా వెనక్కి తగ్గాయి అన్నది ఆయన పరిశోధన. మొదటి గైడు రిటైరయ్యాడు. రెండో గైడు వేరే యూనివర్సిటీకి పోయాడు. మూడో గైడు సారు కంటే ఎంత చిన్నవాడంటే, ఈయన కనపడగానే తనే లేచి నిలబడేవాడు. ఎప్పుడు పూర్తవుతుందని అడిగితే సారు దిగులుగా చెప్పేవాడు.

“వచ్చిన యుద్ధమయితే యాడ ఆగాలో తెలుస్తాది బిడ్డా. ఇది రాని యుద్ధం. ఇంకా రాకుండానే ఉండాది. ఎట్ల ముగించేది?”

ఈ చదువు వల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయింది ఆయన భార్య హమీదా. పార్వతి ఒకరోజు వాళ్లింటికి పోయేసరికి లోపల యుద్ధం జోరుగా నడుస్తోంది. ఒకవైపునుంచే నడుస్తోంది.

“ఏం జీ! ఉప్పు తెమ్మంటే సబ్బు తెచ్చినారు. మీకంటే ఆ గోడ నయం, చెప్తే నిలబడి వింటాది. అన్నానికి వస్తే రండి, ల్యాకపోతే మీ క్యూబాకే పోయి ఆడనే తినండి!”

“అన్నానికా? వస్తాండా బేగం.”

హమీదా గరిటె పట్టుకుని పార్వతి వైపు తిరిగింది.

“చూసినావా బేటీ! పెండ్లయిన కొత్తల్లో మనిషి నిప్పు. ఒక మాటంటే రెండు మాటలు అంటుండె. ఇంట్లో పోట్లాటకు పోట్లాట, రుచికి రుచి. ఇప్పుడు? నేను మొదలుపెడ్తా, ఈయన నడుమ ఎత్తుకుపోతాడు. ఒక్క పోట్లాట చివరిదాకా పోనీడు. ఎప్పటినుంచంటే...”

ఏదో చెప్పబోయి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లోపలికి పోయింది. పొయ్యి మీద పాలు లేవు. పార్వతి అది గమనించింది గానీ అడగలేదు.

ఇక పార్వతి ఇంటి సంగతి. రాచర్ల దాటాక ఒక మెట్ట పల్లె వాళ్లది. తండ్రి శ్రీరాములు, చిన్నాయన మాలకొండయ్య. తాత పోయాక బత్తాయి తోటను గట్టు వేసి చెరిసగం పంచుకున్నారు. చెట్లను పంచుకోగలిగారు గానీ భూమి కింద నీళ్లను ఎవరు పంచగలరు? వానలు మొహం చాటేశాయి. శ్రీరాములు బోరు ఎండింది. ఆయన గట్టు పక్కనే ఇంకా లోతుకు వేయించాడు. దాంతో మాలకొండయ్య బోరు తగ్గింది. అన్న కావాలనే తన నీళ్లు లాగేశాడని మాలకొండయ్య అంతకంటే లోతుకు పోయాడు. పార్వతి తల్లి అంకాలమ్మ మెడలో గొలుసు ఒక బోరులో దిగిపోయింది. చిన్నాయన గొర్రెల మంద ఇంకో బోరులో దిగిపోయింది. నీళ్లు చూసే మనిషి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని వచ్చాడు. కింద నీళ్లుంటే అది లేచి నిలబడుతుందంట. అది అన్న పొలంలోనూ లేచి నిలబడింది, తమ్ముడి పొలంలోనూ లేచి నిలబడింది. ఆ ఇంట్లో పక్షపాతం లేనిది ఆ కొబ్బరికాయ ఒక్కటే.

పలకరింపులు ఆగిపోయాయి. శ్రీరాములు ఒక మాట పడ్డాడంటే దాన్ని ఎండుమిరపకాయల్లాగా ఆరబెట్టి ఏళ్ల తరబడి దాచుకునే మనిషి. తమ్ముడు అన్న ప్రతి మాటా ఆయన దగ్గర ఘాటు తగ్గకుండా ఉంది. మాలకొండయ్య కూడా ఆయన తమ్ముడే కదా, తక్కువ తినలేదు. కోపాన బావిలో దూకినవాడు సంతోషాన పైకి రాలేడని సామెత. వీళ్లు దూకింది మామూలు బావి కూడా కాదు.

చివరికి బోర్లు వేసే తమిళనాడు రిగ్గు లారీ ఊరి రోడ్డు మీదికి వచ్చిన రోజున ఇద్దరూ చెరో పార పట్టుకుని గట్టు మీద నిలబడ్డారు. ముందు నా పొలంలో దిగాలంటే నా పొలంలో దిగాలని. పార్వతి సారుకు ఫోన్ చేసింది.

“సారూ, మా ఇంటికి క్యూబా వచ్చింది.”

“క్షిపణులు ఎన్ని?”

“రెండు బోర్లు. మూడోది లారీ మీద ఉండాది. ఇద్దరి చేతుల్లో పారలుండాయి సారూ.”

“నేనొచ్చేదాకా ఎవరినీ మాట్లాడనియ్యద్దు,” అని ఆయన ఫోన్ పెట్టేశాడు. నవ్వలేదు.

గిద్దలూరు నుంచి ఆటోలో గొడుగుతో సహా వచ్చి దిగాడు. ఆయన్ని వెనకాల ‘సగం చెవి సారు’ అని వెక్కిరించే శ్రీరాములు మొహం మీదే చెప్పేశాడు.

“సారూ, ఇది అన్నదమ్ముల యవ్వారం. మీరు పెద్దోళ్లు. కుర్చీ వేసుకుని టీ తాగండి, ల్యాకపోతే వచ్చిన ఆటోలోనే పోండి. నడుమకు మాత్రం రావద్దు.”

“టీ తాగుతా రాములన్నా. చక్కెర తక్కువ వేయమను.”

కుర్చీ తెప్పించుకుని సరిగ్గా గట్టు మీద, లారీ దిగాల్సిన దోవకు అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు. పార్వతి టీ తెచ్చి ఇస్తుంటే మెల్లగా ఆమె చెవిలో చెప్పాడు.

“సముద్రంలో ఓడలు అడ్డం పెట్టడమంటే ఇదే బిడ్డా.”

లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. సారు చెయ్యి ఊపాడు, పలకరించినందుకు.

టీ అంత నెమ్మదిగా ప్రపంచంలో ఎవరూ తాగి ఉండరు. తర్వాత శ్రీరాములు భుజం మీద చెయ్యి వేసి తోట ఆ చివరకు తీసుకుపోయాడు. ఎండిన చెట్ల మధ్య ఇద్దరూ నిలబడి మాట్లాడుకోవడం పార్వతికి కనపడుతోంది గానీ వినపడడం లేదు. సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ తర్వాత మాలకొండయ్యను ఇంకో చివరకు తీసుకుపోయాడు. అక్కడా కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తిరిగి వచ్చేసరికి అన్నదమ్ములిద్దరి చేతుల్లోనూ పారలు లేవు. ఒకరి మొహం ఒకరు చూడలేక చెరో చెట్టు వైపు చూస్తున్నారు.

లారీ వెనక్కి తిరిగింది. మాలకొండయ్య బోరులో కాస్త నీరు మిగిలి ఉంది గానీ మోటారు కాలిపోయింది. శ్రీరాములు మోటారు బాగుంది గానీ బోరులో నీళ్లు లేవు. అన్న మోటారు తమ్ముడి బోరులో దింపి, వంతుల ప్రకారం రెండు తోటలకూ నీళ్లు పెట్టుకోవాలని తీర్మానం. ఎండిన బోరు మూతి మీద బండరాయి పెట్టారు. సారు ఒకే ఒక్క షరతు పెట్టాడు.

“ముందు తగ్గిందెవరని మీరు ఒకరినొకరు అడగొద్దు. నేను బతికున్నన్ని దినాలు ఆ మాట ఎత్తొద్దు.”

ఇద్దరూ తలూపారు. ఆ తలూపడంలో ఏదో పెద్దరికం, ఏదో జాలి ఉన్నట్టు పార్వతికి అనిపించింది.

ఆ జాలే తర్వాత పెద్ద వింతయింది. అంతకుముందు తమ్ముడి పేరెత్తితే పచ్చగడ్డి వేసినా భగ్గుమనే నాయన ఇప్పుడు మాట్లాడే తీరే వేరు.

“గోంగూర పచ్చడి మీ చిన్నాయనకు కొంచెం తీసకపోయి ఇయ్యి పాపా. పాపం, వాడు గుండె మెత్తనోడు.”

చిన్నాయన ఇంటికి పోతే అక్కడా అదే పాట.

“మీ నాయన పైకి అట్ల కనపడ్తాడుగాని, పాపం, లోపలంతా వెన్న. నాకు తెలుసులే. నువ్వేం అడగొద్దు.”

నీళ్ల వంతు దగ్గర కూడా కొట్లాటే, కాకపోతే తలకిందులుగా.

“ఈ దినం నువ్వే పెట్టుకోరా, నీ చెట్లు వాడిపోయినాయి.”

“నీవి ముందు తడవనీ అన్నా. నాకేం తొందర?”

ఆ ఇద్దరి మర్యాదల మధ్య కరెంటు పోయేది, ఎవరి తోటా తడిసేది కాదు. అంకాలమ్మ నెత్తి కొట్టుకునేది. అయినా సగం చెట్లు బతికాయి. చివరికి కాయలు కూడా కాశాయి.

పార్వతి ఉండబట్టలేక ఒకరోజు గిద్దలూరు పోయి సారును నిలదీసింది. అప్పటికే ఆయనకు ఊపిరి ఆడడం కష్టంగా ఉంది. మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

“ఆ రోజు మా నాయనకేం చెప్పినారు సారూ? చిన్నాయనకేం చెప్పినారు?”

సారు దొంగ పిల్లాడిలాగా నవ్వాడు.

“టర్కీ.”

“అంటే?”

“పరీక్షకు రాదని చదవలేదు గదా నువ్వు? క్యూబాలోంచి రష్యా క్షిపణులు తీసేసింది, అది అందరికీ తెలుసు. రష్యాకు దగ్గర్లో, టర్కీలో అమెరికా క్షిపణులు ఉండె. మేమూ తీసేస్తాంలే, బయటికి మాత్రం చెప్పొద్దని అమెరికావోళ్లు లోపల్లోపల మాటిచ్చినారు. చాలా ఏండ్లు ఎవరికీ చెప్పలేదు. తగ్గినోడి పరువు దాచిపెడితేనే బిడ్డా, వాడు తగ్గేది.”

“మరి అది బయటపడినాక?”

“అప్పటికి అందరూ ముసలోళ్లయినారు. కొట్లాడేదానికి ఓపిక ల్యాకపాయె.”

నవ్వబోయి దగ్గులో పడ్డాడు. ఆ దగ్గు ఎంతసేపటికీ ఆగలేదు. పార్వతి ఆయన వీపు నిమురుతూ ఉండిపోయింది. ఆ వీపు అంత సన్నబడిందని చొక్కా మీదినుంచి ఆమెకు అంతవరకు తెలియలేదు.

కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరు పరీక్షలన్నీ చూసి ఏమీ దాచకుండా చెప్పాడు, ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మని. హమీదా గోడకు ఆనుకుని నిలబడిపోయింది. సారు మాత్రం చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నాడు.

“ఇంటికి పొమ్మన్నాడు బేగం. సంతోషం.”

ఈ మాట హమీదా పార్వతికి చెప్తూ నవ్వింది. నవ్వుతూనే కొంగు నోట్లో కుక్కుకుంది.

సారు పోయిన రోజున రాచర్ల వైపునుంచి అన్నదమ్ములిద్దరూ ఒకే ఆటోలో వచ్చారు. ఆడవాళ్లు ఖబరస్తానుకు పోరు కాబట్టి పార్వతి హమీదా దగ్గరే ఉండిపోయింది. మసీదువాళ్లను అడిగి ఇద్దరూ సమాధి దగ్గరిదాకా పోయి తలా మూడు పిడికిళ్ల మన్ను వేశారని నాయన తర్వాత చెప్పాడు. చెప్పేటప్పుడు తన అరచేతుల వైపే చూసుకుంటున్నాడు. ఇంటర్ చదివిన రోజులనుంచి తనకు తండ్రిలాంటి మనిషి మట్టిలో కలిసిపోయాడన్నది పార్వతికి ఆ అరచేతులు చూసినప్పుడు పూర్తిగా తెలిసింది. పెరట్లోకి పోయి బిగ్గరగా ఏడ్చింది.

నలభయ్యో రోజు ఆయన పేరున ఫాతెహా చదివించి హమీదా అందరికీ భోజనం పెట్టింది. కూతురు ఉజ్మా వడ్డిస్తోంది. బంధువులంతా తిని పోయాక చివరి బంతిలో శ్రీరాములు, మాలకొండయ్య, పార్వతి మిగిలారు. మాలకొండయ్య అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు.

“సారు ఉన్నన్ని దినాలు ఎత్తొద్దన్నాడు. ఇప్పుడాయన ల్యాడు. ఇంగ దాచేదెందుకు? అమ్మా, మా అన్న దేవుడమ్మా. ఆ రిగ్గు వచ్చిన దినం మా అన్న సారు చేతులు పట్టుకుని నా కోసం ఏడ్చినాడంట. అది తెలిసినంక నేను మనిషినయినా.”

శ్రీరాములు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“నేనా? ఏడ్చింది నువ్వంట గదరా!”

“నేనెందుకు ఏడుస్తా? నేను పార పట్టుకునుంటి.”

“నేనూ పారే పట్టుకునుంటి! నువ్వు ముందు రోజు సారింటికి పోయినావంట, ఏడ్చినావంట. ‘నేను పోయిన దినం మా అన్న వచ్చి మూడు పిడికిళ్ల మన్ను వేయకపోతే నాకు మట్టి అందినట్టు కాదు’ అన్నావంట. ఆ మాట విన్నాక నా చేతిలోంచి పార జారిపోయిందిరా.”

“ఆ మాట నువ్వన్నావని గదా నాకు చెప్పినాడు! ‘మా తమ్ముడు వచ్చి’ అని!”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. టర్కీ అంటే ఏమిటో పార్వతికి ఇప్పుడు అర్థమయింది. ఎవరూ తగ్గలేదు. ఎవరూ ఏడవలేదు. నాలుగేళ్లుగా ఆ తోటకు నీళ్లు పారుతున్నది లేని కన్నీళ్ల మీద. ఇప్పుడిక ఆ బండరాయి తీసేస్తారు, మళ్లీ ఆ లారీ వస్తుంది. కొట్లాడే ఓపిక లేనంత ముసలివాళ్లు ఇంకా కాలేదు వీళ్లు.

“ఆ మాట మీ ఇద్దరిదీ కాదయ్యా,” అంది హమీదా వంటింటి గడప దగ్గర కూలబడుతూ. “ఉజ్మా అబ్బాది, మీ సారుది.”

అప్పుడు చెప్పింది. సారుకు జావీద్ అని ఒక తమ్ముడుండేవాడు. మార్కాపురంలో పలకల పని. అన్నదమ్ముల ఇళ్ల మధ్య గోడలో ఒక కిటికీ, దాన్ని తెరవాలని ఒకరు, మూయాలని ఒకరు. ఇంతే గొడవ. ఈయన కోపంతో గిద్దలూరు వచ్చేశాడు. ఏళ్లు గడిచాయి. ఒకసారి జావీద్ ఎవరితోనో కబురు పంపాడు.

“‘మా అన్న నా గడప తొక్కనక్కర్లా అని చెప్పు. వచ్చేటట్టుంటే రంజానుకు రమ్మను, ఆయన ల్యాకుండా నాకు ముద్ద దిగదు’ అన్నాడంట. అంతా ఒకటే కబురు. ఈయన మొదటి సగమే విన్నాడు. తొక్కనక్కర్లేదన్నాడా, సరే తొక్కను అన్నాడు. రంజాను వచ్చింది, పోయింది. బక్రీదు రాకముందే జావీద్ గుండె ఆగింది. ఈయన పోయే బస్సు కంభం దగ్గర చెడిపాయె. మార్కాపురం చేరేసరికి మట్టి చేసి అందరూ చేతులు కడుక్కుంటాండారంట. మూడు పిడికిళ్ల మన్ను గూడా అందలా.”

ఉజ్మా తల్లి పక్కన వచ్చి కూర్చుంది.

“ఆ దినం నుంచి ఈ అలవాటు. ఎవరేమన్నా మంచి సగం వెతుక్కుంటాడు. ఆ దినం వినని సగం. ప్రపంచాన్ని కాల్చే బాంబులు పెట్టుకుని వాళ్లే తగ్గినారు బేగం, మేము ఒక కిటికీ కాడ తగ్గలేకపోయినాం అని ఆ పుస్తకాలన్నీ ముందరేసుకుని కూర్చుంటుండె. మీ ఇద్దరి కాడ ఏడ్చినోడు ఎవరంటే, ఆయనే.”

పార్వతికి తోట రెండు చివర్లా కళ్లజోడు తుడుచుకుంటున్న సారు కనపడ్డాడు. విస్తరి మసకబారింది.

ముందు లేచింది మాలకొండయ్య. చెయ్యి కడుక్కుని వచ్చి అన్న ఎదురుగా నిలబడ్డాడు. గొంతులో పాత కారం తెలుస్తూనే ఉంది.

“అంటే నువ్వు నా కోసం ఏడవలా. నాలుగేండ్లు నిన్ను చూసి జాలిపడి సచ్చినా. నాకిప్పుడు నీ మొగం చూడబుద్ధి కావడంలా. లే, పొద్దుగూకితే రాచర్ల ఆటోలు ఉండవు.”

పార్వతి నాయన వైపు చూసింది. మాట పడితే ఆరబెట్టి దాచుకునే మనిషి. శ్రీరాములు తమ్ముడి మొహంలోకి తేరిపార చూశాడు. తర్వాత గోడ మీద సారు గొడుగు తగిలించి ఉన్న మేకు వైపు చూశాడు. మెల్లగా లేచి పంచె దులుపుకున్నాడు.

“ఔరా, ఆటోలు ఉండవు. పా పోదాం.”

“నేను ఇంకో మాట గూడా అన్నా,” అన్నాడు మాలకొండయ్య.

“ఆటోలు ఉండవన్నావు. ఇన్నాలే.”

మాలకొండయ్య అన్న చెప్పులు కాలితో ఆయన వైపు జరిపాడు. ఇద్దరూ హమీదాకు దండం పెట్టి బయటికి పోయారు. రేపటి నీళ్ల వంతు నీదంటే నీదని సందు మలుపు దాకా అరుచుకుంటూనే పోయారు.

వంటింటి గడప దగ్గర హమీదా కొంగుతో మొహం తుడుచుకుంది. నలభై రోజుల తర్వాత మొదటిసారి ఆమె పెదాల మీద నవ్వు వచ్చింది.

“చూసినావా బేటీ? పోయినాక గూడా అంతే. ఒక్క పోట్లాట చివరిదాకా పోనీడు.”